బల్లకు అవతలి వైపు

ఆ ఏడు జూన్ చివర్లో మా చెల్లెలు రోస్‌విటా రెండు సూట్‌కేసులతో, ఒక ఇస్త్రీ పెట్టెతో మా ఇంటి మెట్లెక్కింది. మొగుడితో పొసగలేదు, మా పై వాటా ఖాళీగా ఉంది. అంతకుమించి చెప్పడానికి ఆమెకు మనసు లేదు, అడగడానికి నాకూ లేదు. నాన్న వర్క్‌షాపు నా చేతికి ఇచ్చినప్పటి నుంచీ మేమిద్దరం పండగలకూ చావులకూ తప్ప మాట్లాడుకున్నది లేదు. అమ్మ తాలూకు దుప్పట్లూ టేబుల్ గుడ్డలూ ఆమె వాటాకు వచ్చాయి. "అక్కకు ఉక్కు, నాకు గుడ్డలు" అని ఒక్క మాట అని, ఆసుపత్రి క్వార్టర్స్‌కి వెళ్ళిపోయిన మనిషి.

సూట్‌కేసులు పైకి చేరేదాకా ఆగి నేనే నోరు విప్పాను.

"ఈ వారం మెట్లు ఊడ్చే వంతు పై వాటాది."

"వచ్చి గంట కాలేదు."

"మెట్లకు ఆ సంగతి తెలీదు కదా."

ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "నువ్వేం మారలేదక్కా" అని చీపురు అందుకుంది. ఆ చీపురు చప్పుడు విని నాన్న తన గదిలోంచి, "రోసీ వచ్చిందా? ధూళి నా వైపు తోయొద్దని చెప్పు!" అని కేకేశాడు. అలా మా ముగ్గురి కాపురం మొదలైంది.

జర్మనీలో మా ఊరు టుట్లింగెన్‌లో కళ్ళు మూసుకుని రాయి విసిరితే ఆపరేషన్ పనిముట్లు చేసేవాడి కిటికీకే తగులుతుంది. మాదీ ఆ కిటికీల్లో ఒకటి. కింద వర్క్‌షాపు, నడిమి అంతస్తులో నాన్నా నేనూ. నాన్న ఏవాల్ట్ ఎముక ఉలులకూ సుత్తులకూ పేరు పడ్డవాడు. నేను ఇంజనీరింగ్ చదివి వచ్చి, మోకాలి పనిముట్ల మీద పడ్డాను. పెళ్ళి చేసుకోలేదు. ఊళ్ళో వాళ్ళు నా మొగుడు మిల్లింగ్ మెషినేనని నవ్వుకునేవాళ్ళు. మంచి మెషిన్ అది, చెప్పిన మాట వినేది.

ఆ వేసవిలో మాకు గట్టి చిక్కొచ్చింది. ఏళ్ళ తరబడి మాకు పనిచ్చిన పెద్ద కంపెనీ, చలికాలం నుంచి తన పని తనే చేసుకుంటానంది. మా సొంత సరుకు ఒకటి నిలబడకపోతే బల్లల ముందు కూర్చున్నవాళ్ళను ఇంటికి పంపాలి. వాళ్ళలో వెండెలిన్ లాంటివాళ్ళు నన్ను చిన్నప్పుడు భుజాల మీద మోశారు. నేను మాత్రం భయపడలేదు. నా దగ్గర మోకాలి సెట్టు ఉంది. అరిగిపోయిన మోకాలి చివరలు కోసి లోహపు తొడుగు వెయ్యడానికి కావలసిన పనిముట్లన్నీ నేనే గీశాను, నేనే కోయించాను. రోస్‌విటా పనిచేసే ఆసుపత్రిలో ఎముకల విభాగం పెద్ద డాక్టర్ ఓస్వాల్ట్. కొత్తవి చూస్తానని ఆగస్టులో రమ్మన్నాడు. ఆయన ఒప్పుకుంటే చుట్టుపక్కల ఆసుపత్రులన్నీ ఒప్పుకున్నట్టే.

రోస్‌విటా ఆయన దగ్గరే ఆపరేషన్ నర్సు. ఈ సంగతి నేను మరిచిపోలేదు. అడగడానికి నామోషీ పడ్డానంతే.

ఆమే దిగి వచ్చింది ఒక శనివారం. వర్క్‌షాపులో ఎవరూ లేరు. సెట్టంతా తెల్లగుడ్డ మీద పరిచి పెట్టుకుని చూసుకుంటున్నాను, మెరుస్తోంది. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని బల్ల చుట్టూ తిరిగింది.

"ఎంత అందంగా ఉందక్కా! పెళ్ళివారి వెండి సామానులా ఉంది."

"కదా."

"ఎవరు కడుగుతారు?"

ఆమె ఒక్కొక్కటీ వేలితో చూపించసాగింది.

"ఇది ఎడమ మోకాలిది. ఇది కుడిది. ఇది ఎడమది, పెద్ద సైజు. ఇది కుడిది, పెద్ద సైజు. ఆయన చెయ్యి చాస్తాడు. రోగి మోకాలు తెరుచుకుని ఉంటుంది. నేను ఇందులో వెతుక్కుంటూ ఉంటాను, పప్పుల్లో రాళ్ళు ఏరినట్టు. ఒక్కొక్క ట్రే ఎత్తితే నడుం పడిపోతోంది. ఒక్కసారి ఎత్తి చూడు."

"నేను ఎత్తాను."

"ఎన్నిసార్లు? ఫొటో కోసం ఒకసారి."

కోపం వచ్చింది, కానీ ఆమె చేతిలో అప్పటికే నా దిమ్మ ఉంది. దిమ్మంటే ఎముక కోసే రంపానికి దారి చూపించే ఉక్కు ముక్క. ఎముకలోకి ఒక కడ్డీ దింపి, దాని మీద ఈ దిమ్మ ఎక్కిస్తారు. దిమ్మలో సన్నటి చీలిక ఉంటుంది, రంపం అందులోంచే వెళ్ళాలి. తొడ ఎముక తుంటి నుంచి మోకాలికి నిలువుగా దిగదు, ఏటవాలుగా దిగుతుంది, ఎడమ కాలిది ఒక పక్కకి, కుడి కాలిది ఇంకో పక్కకి. అందుకే కాలికొక దిమ్మ చేశాను. రోస్‌విటా కుడి దిమ్మనూ ఎడమ దిమ్మనూ ఎదురెదురుగా పట్టుకుంది, అద్దంలో చూసుకున్నట్టు.

"ఇది బోర్లా తిప్పితే అదే కదక్కా?"

నేను ఆ దిమ్మ లాక్కున్నాను. తిప్పాను. మళ్ళీ తిప్పాను. ఆ సాయంత్రం అన్నానికి పైకి వెళ్ళలేదు.

జులై అంతా అలా గడిచింది. ఆమె డ్యూటీ దిగి నేరుగా వర్క్‌షాపుకి వచ్చేది, ఆసుపత్రి సబ్బు వాసనతో. నేను గీసేదాన్ని, ఆమె కొట్టేసేది. ఒక్క దిమ్మ రెండు కాళ్ళకూ సరిపోయింది. సైజులకు వేరే దిమ్మలెందుకని జరిగే కొలబద్ద ఒకటి పెట్టాం. రెండు పిడులు పోయి ఒకటి మిగిలింది. ట్రేలు ఒకదాని వెనక ఒకటి బల్ల మీంచి మాయమైపోతుంటే నాన్న ఊతకర్ర మీద వాలి చూస్తూ ఉండేవాడు. ఆయన ఎడమ మోకాలు అరిగి కాలు విల్లులా వంగిపోయి ఉండేది. పేకాటకు సత్రందాకా నడవడానికి సగం సాయంత్రం పట్టేది. ఆపరేషన్ మాటెత్తితే మండిపడేవాడు. "నా సుత్తి చప్పుడు నాకు తెలుసు. అది నా ఎముక మీద వినే సరదా నాకు లేదు" అనేవాడు.

ఒకే దిమ్మ అన్నది ఆయనకు నచ్చలేదు. "కుడికి కుడిది, ఎడమకి ఎడమది. బూట్లు అలాగే కదా కుడతారు?"

"మేజోళ్ళు అలా అల్లరు కదా నాన్నా," అంది రోస్‌విటా.

వెండెలిన్ మెషిన్ ఆపి మరీ నవ్వాడు. నాన్న మొహం తిప్పుకున్నాడు, కానీ ఆ మాట ఆ రాత్రి పేకాటలో అందరికీ చెప్పాడని మర్నాడు రొట్టెల కొట్లో విన్నాను.

మేమిద్దరం మళ్ళీ పోట్లాడుకోలేదని కాదు. రోజూ పోట్లాడుకునేవాళ్ళం, పని గురించి. అది వేరే రకం పోట్లాట. ఒకరోజు ఆమె నా పెన్సిల్ లాక్కుని నా బొమ్మ మీదే గీత గీసింది. పదేళ్ళ కింద అయితే ఇల్లు కూలిపోయేది. నేను ఇంకో పెన్సిల్ తీసుకున్నాను.

ఆగస్టులో ఊరికి పైన డాన్యూబ్ నది ఏటా వేసవిలో లాగే నేలలోకి ఇంకిపోయింది. నది అడుగున రాళ్ళ మీద పిల్లలు సైకిళ్ళు తొక్కుతుంటే పక్క రోడ్డు మీదుగా ఆసుపత్రికి వెళ్ళాం. వెనక సీట్లో రెండే ట్రేలు. రోస్‌విటా నీలం రంగు మంచి గౌను వేసుకుంది, లోపలికి వెళ్ళాక ఎలాగూ ఆపరేషన్ బట్టలు తొడుక్కోవాలని తెలిసి కూడా.

డాక్టర్ ఓస్వాల్ట్ చాలా మంచి సర్జన్, ఆ సంగతి ఆయనకూ బాగా తెలుసు. పొడుగ్గా, తెల్లటి కనుబొమలతో, ఎవరైనా మాట్లాడుతుంటే గడియారం వంక చూసే అలవాటున్న మనిషి. శిక్షణ గదిలో బల్ల మీద ప్లాస్టిక్ కాలు బిగించి ఉంది. ఎముకలు ప్లాస్టిక్‌వైనా ఒంపులు మనిషివే. మోకాలు వంచి పెట్టారు, నిజం ఆపరేషన్‌లో లాగే. ఆయన ఒక పక్క నిలబడ్డాడు. రోస్‌విటా బల్లకు అవతలి వైపు, రోజూ నిలబడే చోట. ఇద్దరు కుర్ర డాక్టర్లు గోడ దగ్గర.

"రెండు ట్రేలేనా?" అన్నాడు ఆయన.

"రెండే, డాక్టర్ గారూ."

"మిగతావి కారులో మర్చిపోలేదు కదా గెర్లిండ్ గారూ?"

కుర్ర డాక్టర్లు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వితే నాకు పోయేదేం లేదు.

ఎడమ మోకాలు. ఆయన చెయ్యి చాచాడు, కడ్డీ వచ్చింది. చెయ్యి చాచాడు, దిమ్మ వచ్చింది. రోస్‌విటా దాన్ని తన వైపు నుంచే కడ్డీ మీదికి ఎక్కించింది, ఆయన పిన్నులు కొట్టాడు. వెతుకులాట లేదు, చప్పుడు లేదు. ఆయన కనుబొమలు పైకి లేవడం చూశాను. రంపం చీలికలోకి దిగింది, తెల్లటి పొడి రాలింది. దిమ్మ తీయకుండానే కోసిన చోట తొడుగు ఆనించాడు, కాలు చాపాడు.

కాలు వంకరగా ఉంది.

కొంచెం కాదు. మా నాన్న కాలు లాగే బయటికి విల్లులా వంగింది. కొత్త మోకాలితో అంత వంకర కాలిచ్చి పంపితే ఆ మనిషి మళ్ళీ కత్తి కిందికి రావలసిందే.

డాక్టర్ దిమ్మను వేలితో తట్టి, మెడ వంచి చూశాడు. మా దిమ్మకు రెండు ముఖాలు. ఒకదాని మీద ఎడమ అని, ఇంకోదాని మీద కుడి అని గుర్తుగా ఒక్కొక్క అక్షరం చెక్కాం. ఏ కాలైతే ఆ అక్షరం సర్జన్ వైపు కనబడాలి. ఎడమ అక్షరమే కనబడుతోంది. కానీ ఆయన నిలబడ్డ చోటు నుంచి అది తలకిందులుగా ఉంది. దిమ్మ కడ్డీ చుట్టూ అర చుట్టు తిరిగి కూర్చుంది. అలా కూర్చుంటే కోత ఏటవాలు తారుమారవుతుంది.

"సిస్టర్," అన్నాడు ఆయన, "ఇది తలకిందులుగా పెట్టారు."

రోస్‌విటా మొహంలో రక్తం లేదు. "అవును, డాక్టర్ గారూ."

ఆయన గ్లోవ్స్ తీసేస్తూ నా వైపు తిరిగాడు. కోపంగా లేడు. అదే నాకు ఆశ్చర్యం. "మనిషి పొరపాటు. సిస్టర్ కొత్త సెట్టుకి అలవాటు పడాలి. పనిముట్టులో లోపం లేదు. ఇంత తేలిగ్గా సాగిన ట్రే నేనింతవరకూ చూడలేదు. సెప్టెంబర్ నుంచి వాడదాం. కాగితాలు పంపించండి."

అదే మాట కోసం నేను రెండేళ్ళుగా పనిచేశాను. వెండెలిన్ మొహం కళ్ళ ముందుకొచ్చింది. రోస్‌విటా ట్రేలో పనిముట్లు సర్దుతోంది, నా వైపు చూడటం లేదు.

నేను బల్ల చుట్టూ నడిచి వెళ్ళి ఆమె పక్కన నిలబడి దిమ్మను చూశాను. అక్కణ్ణుంచి అక్షరం నిటారుగా, శుభ్రంగా, ఎంతో సరిగ్గా కనబడుతోంది. ఎవరైనా అలాగే పెడతారు. నేనైనా అలాగే పెడతాను. ఆ దిమ్మను నేను గీసినప్పుడు బల్లకు ఒకే పక్క కూర్చుని గీశాను.

"లేదు డాక్టర్ గారూ," అన్నాను. "నేను తిరిగి తీసుకెళ్తున్నాను."

"ఏమిటి?"

"దిమ్మ తప్పు. ఇక్కడ నిలబడి చూస్తే మీకే తెలుస్తుంది. ఇలా ఎక్కించడానికి వీల్లేకుండా చేసి తెస్తాను."

ఆయన గడియారం చూసుకున్నాడు. "అప్పుడు నాకు తీరిక ఉంటుందని ఎవరు చెప్పారు? ఇంకో కంపెనీవాళ్ళు వచ్చే వారం వస్తున్నారు."

"ఎవరూ చెప్పలేదు," అన్నాను. పిన్నులు ఊడదీసి, దిమ్మ జేబులో వేసుకున్నాను.

కారు ఊరి పొలిమేర దాటింది. రోస్‌విటా కిటికీలోంచి చూస్తూనే అడిగింది. "నన్ను కాపాడాలని చేశావా?"

"కాదు."

"ఒట్టు?"

"నీ తప్పయితే అక్కడే తిట్టేదాన్ని. చిన్నప్పట్నుంచీ వదిలిపెట్టానా ఎప్పుడైనా?"

ఆమె నవ్విందో ఏడ్చిందో నేను తల తిప్పి చూడలేదు, మలుపులు ఎక్కువున్న రోడ్డు అది. కాసేపటికి ముక్కు చీది, "ఆయన చెప్పింది నిజమని నేనూ నమ్మాను అక్కా, ఒక్క నిమిషం. అలసిపోయాను కాబోలు అనుకున్నాను. ఇన్నేళ్ళలో నా చేత్తో ఒక్కటి తప్పు పడలేదు" అంది.

"మనం సరిచేద్దాం."

"మనం?"

"మరి? నేను ఆ పక్క ఎప్పుడు నిలబడ్డాను?"

ఇంటికి వెళ్ళేసరికి నాన్న వంటింట్లో కూర్చుని పప్పులోకి సాసేజ్ ముక్కలు కోస్తున్నాడు. మా మొహాలు చూసి కత్తి కింద పెట్టాడు. జరిగింది నేనే చెప్పాను, ఏదీ దాచలేదు. డాక్టర్ ఒప్పుకున్నాడన్నదీ, నేను వద్దన్నదీ కూడా. నేను ముందే చెప్పలేదా అని నాన్న ఎగతాళి చేస్తాడని కాచుకుని ఉన్నాను. ఆయనకు ఆ హక్కుంది కూడా.

ఆయన సాసేజ్ కోయడం ముగించాడు. మూడు పళ్ళేలు పెట్టుకున్నాం. సగం తిన్నాక చెంచా ఆపాడు.

"ఆ దిమ్మ కుదిరాక చెప్పండి."

"ఎందుకు నాన్నా?"

"నా మోకాలు చూపిస్తాను."

రోస్‌విటా పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. నేను ఇంకొంచెం పప్పు వడ్డించాను. మా ఇంట్లో పెద్ద మాటలు అలాగే జరుగుతాయి. ఆ తరవాత ఆయన రేడియో పెట్టుకున్నాడు.

దిమ్మను మార్చడం పైకి చూస్తే చిన్న పనే. కడ్డీ గుండ్రంగా ఉంది కాబట్టి దిమ్మ ఎటైనా తిరుగుతోంది. కడ్డీకి కుడి పక్క చదునుగా కోసి, దిమ్మ రంధ్రానికీ అదే పక్క చదును ఇచ్చాం. దిమ్మను బోర్లా తిప్పి కుడి కాలికి వాడుకోవచ్చు, ఎడమ కాలికి వాడుకోవచ్చు. కానీ అక్షరం తలకిందులైతే చదునుకి చదును కలవదు, దిమ్మ కడ్డీ మీదికి ఎక్కదు. కడ్డీ కూడా తిరగకూడదు కదా, దాని పిడికి చిన్న కొక్కెం పెట్టాం. అది ఎముక ముందు వైపు ఆనితేనే కడ్డీ చివరిదాకా దిగుతుంది. కాగితం మీద ఇదంతా ఒక్క పూటలో అయిపోయింది.

ఉక్కులో కాలేదు. ఆసుపత్రిలో పనిముట్లను ఆవిరిలో ఉడికిస్తారు. ఆవిరి తగిలాక మొదటి దిమ్మ కడ్డీకి పట్టేసి ఊడిరాలేదు. రెండోది వదులై గలగలలాడింది. వెండెలిన్ తల గోక్కుంటూ మళ్ళీ కోసేవాడు. వర్క్‌షాపులో ఆవిరి పెట్టె లేదు. ఒక మధ్యాహ్నం నాన్న ఆకలేసి వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీదున్న ప్రెషర్ కుక్కర్ మూత తీస్తే లోపల దిమ్మ ఉంది.

"ఆలుగడ్డలేవి?"

"పక్కకి జరుగు నాన్నా, కాలుతుంది," అంది రోస్‌విటా పట్టకారుతో.

"మీ అమ్మ కుక్కర్ అది!"

"అమ్మ కూడా ఆలుగడ్డలు ఇంత గట్టిగానే ఉడికించేది."

ఆయన కుర్చీలో కూలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. తరవాత ఆయనే పనికి దిగాడు. రోస్‌విటా రబ్బరు గ్లోవ్స్‌కి సబ్బు నీళ్ళు పట్టించి, బల్లకు ఒక పక్క నిలబడి దిమ్మ ఎక్కించేది. ఆయన ఎదురుగా కూర్చుని ఎక్కించేవాడు. నేను మూలలోంచి, కిందనుంచి, ఎడం చేత్తో ఎక్కించాను. తప్పుగా పెట్టడానికి ముగ్గురం పోటీలు పడ్డాం. నాన్న బలవంతంగా సుత్తితో కూడా కొట్టి చూశాడు. ఎక్కలేదు. సరిగ్గా పెడితే మాత్రం ఒక చిన్న చప్పుడుతో, తాళంలో తాళంచెవి పడ్డట్టు కూర్చుంది. ఉడికించినా అంతే, చల్లారినా అంతే.

సెప్టెంబర్ మధ్యకి కుదిరింది. కానీ డాక్టర్ ఓస్వాల్ట్ నా ఫోన్లు తీయలేదు. ఆయన సెక్రటరీ ప్రతిసారీ ఎంతో మర్యాదగా, ఆయన ఆపరేషన్‌లో ఉన్నారనేది.

"నాకు వదిలెయ్," అంది రోస్‌విటా.

"ఏం చేస్తావు?"

"ఆయన ప్లమ్ పళ్ళ కేకు తింటాడు. ఆ ముక్క అయ్యేదాకా ఎక్కడికీ కదలడు."

ఆమె ఆదివారం కేకు చేసి, సోమవారం పొద్దున ఆసుపత్రి కాఫీ గదికి పట్టుకెళ్ళింది. నన్నూ రమ్మంది. ఆయన నన్ను చూసి కనుబొమలు ముడిచాడు, కానీ అప్పటికే నోట్లో కేకు ఉంది. రోస్‌విటా ఆయన పళ్ళెం పక్కన కడ్డీనీ దిమ్మనీ పెట్టింది.

"తప్పుగా పెట్టి చూపించండి డాక్టర్ గారూ."

"ఏమన్నారు?"

"ఎడమ అక్షరం మీ వైపు. తలకిందులుగా. ఆ రోజు నేను పెట్టినట్టు."

ఆయన ఆమె వంక చూశాడు. ఆ గదిలో నర్సులందరూ కాఫీ కప్పులు పట్టుకుని ఆగిపోయారు. ఆయనతో అలా మాట్లాడిన మనిషిని వాళ్ళు చూసి ఉండరు. ఆయన చేతులు తుడుచుకుని దిమ్మ తీసుకున్నాడు. పెట్టాడు. ఎక్కలేదు. ఇంకోలా తిప్పాడు. ఎక్కలేదు. లేచి నిలబడి, బల్ల చుట్టూ తిరిగి రోస్‌విటా పక్కకి వచ్చి, అక్కణ్ణుంచి పెట్టాడు. ఎక్కలేదు. ఒంగి రంధ్రంలోకి చూశాడు. వేలితో చదును తడిమాడు. చిన్నపిల్లాడు బొమ్మ విప్పినట్టు అందులో పడిపోయాడు.

చివరికి దిమ్మను సరిగ్గా తిప్పాడు. చప్పుడు వినబడింది.

ఆయన మళ్ళీ కూర్చుని కేకు తిన్నాడు. ముక్క పూర్తయ్యాక అన్నాడు. "ఇంకో కంపెనీవాళ్ళ సెట్టు వచ్చింది. మంచి సెట్టే. అయిదు ట్రేలు."

"పాపం ఎవరు కడుగుతారో," అంది రోస్‌విటా.

ఆయన నవ్వడం నేను అప్పుడే చూశాను. తరవాత ఆమె వైపు తిరిగి, కొంచెం గొంతు తగ్గించి, "సిస్టర్, ఆ రోజు నేను మీ వైపు వచ్చి చూడాల్సింది" అన్నాడు. ఆమె తల ఊపి, ఆయన పళ్ళెంలో ఇంకో ముక్క పెట్టింది.

ఆ చలికాలం ఎవరినీ ఇంటికి పంపలేదు. ఏడాది తిరిగేసరికి రోస్‌విటా ఆసుపత్రి మానేసి వర్క్‌షాపులో నాకు ఎదురుగా బల్ల వేయించుకుంది, సగం వాటా రాయించుకుంది, నా పెన్సిళ్ళన్నీ పోగొట్టింది. ఆ సెట్టు చాలా దేశాలకు వెళ్ళింది. దాని గురించి పెద్దవాళ్ళు పెద్ద మాటలు రాశారు, నేను అవి కొన్ని దాచుకున్నాను కూడా. వాటన్నిటికంటే నేను ఎక్కువ తలుచుకునేది ఆ ఏడు అక్టోబర్‌లో ఒక ఉదయం.

నాన్న ఆపరేషన్. మా సెట్టుతో మొదటిది. సొంత మనుషుల ఆపరేషన్‌లో నర్సు నిలబడకూడదని ఆసుపత్రిలో పట్టుబట్టారు. ఆ పనిముట్లు చేతికి అలవాటైన నర్సు ఇంకెవరూ లేరని డాక్టర్ ఓస్వాల్ట్ పట్టుబట్టాడు. నేను బయట వరండాలో కూర్చున్నాను. నాన్నకు నడుములో సూదిచ్చి కింది భాగం మొద్దుబార్చారు, మనిషికి మాత్రం తెలివి ఉంది. మధ్యమధ్య తలుపు తెరుచుకున్నప్పుడు సుత్తి చప్పుడు వినిపించేది. అది ఆయన చేసిన సుత్తే. ఒకసారి ఆయన గొంతు కూడా వినబడింది, "ఇంకొంచెం వాలుగా పట్టుకుని కొట్టాలి!" అని. ఎవరో నవ్వారు.

నాకు తెలియని స్క్రూ ఒక్కటి లేదు ఆ సెట్టులో. ప్రతి చదునూ, ప్రతి చీలికా నా గోళ్ళకు తెలుసు. అయినా ఆ బెంచీ మీద కూర్చున్నంతసేపూ నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రోస్‌విటా బయటికి వచ్చింది. మాస్కు మెడలోకి జారి ఉంది, నుదుటి మీద టోపీ గీత పడి ఉంది. వచ్చి పక్కన కూర్చుంది.

"కాలు?"

"నిటారుగా ఉంది. చాపి చూశాం, వంచి చూశాం. డాక్టర్ గారు రెండుసార్లు చూశారు. నాన్న అద్దం అడుగుతున్నాడు."

నేను ఊపిరి వదిలాను. అప్పుడు అడిగాను, అడక్కుండా ఉండలేక. "దిమ్మ ఎలా కూర్చుంది? మొదటిసారికే ఎక్కిందా? ఆవిరికి పట్టేసిందా? చప్పుడు వినబడిందా?"

ఆమె ఆలోచించింది. నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది, కనుబొమలు దగ్గర పెట్టుకుని.

"తెలీదక్కా," అంది. "నేను దాని వంక చూడలేదు. నాన్న చెయ్యి గుడ్డ కిందనుంచి బయటికి వచ్చింది, ఆపరేషన్ గ్లోవ్స్‌తో నేను ముట్టుకోకూడదు, ఎవరైనా పట్టుకుంటారా అని చూస్తున్నాను."